కాలువ గట్టు మీది పాత సామాన్ల కొట్టు: ఏడాది ఇచ్చి చూశాక

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ గట్టును ఆనుకొని ఒక పాత సామాన్ల కొట్టు ఉంది. రేకుల షెడ్డు, ముందు ఒక కాటా, పక్కన నీలం బరకం కప్పిన బస్తాల గుట్ట, అంతే. దానికి బోర్డు లేదు. చుట్టుపక్కల వాళ్ళంతా "గట్టు మీద కొట్టు" అనే అంటారు. ఏడాదిగా మా ఇంట్లో పోగయ్యే ప్లాస్టిక్ మొత్తం ఈ కొట్టుకే ఇస్తున్నాను. కొత్త హోటలుకు వెళ్ళేముందు అక్కడ పెసరట్టు ఎలా ఉంటుందో నలుగురినీ అడుగుతాం, చీరల కొట్టుకు వెళ్ళేముందు ధరలు వాకబు చేస్తాం. ఇంట్లోంచి బయటికి పంపే వస్తువు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అది ఎవరి చేతికి వెళుతోంది, వాళ్ళు దాన్ని ఏం చేస్తున్నారు అని అడిగే అలవాటు మనకు లేదు. నాకు ఆ అలవాటు ఈ కొట్టు వల్లనే అయింది కాబట్టి, కాటా దగ్గర నుంచి షెడ్డు వెనక పొగ దాకా, నచ్చినవీ నచ్చనివీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈ రాతలో అక్కడక్కడా పాఠం ధోరణి కనిపిస్తే అందుకు కారణం అదే.

నిరుడు వేసవిలో దాళ్వా కోతలు ముగిసి కాలువలకు నీళ్ళు ఆపి కట్టేసిన తరువాత, ఒకరోజు వంతెన మీద ఆగి కిందికి చూశాను. నీళ్ళున్నంత కాలం గుర్రపుడెక్క కప్పిపెట్టినదంతా ఎండలో బయటపడి ఉంది. తూము నోటి దగ్గర కవర్లు మోకాలి ఎత్తున పేరుకున్నాయి. వాటి మధ్య షాంపూ సాచెట్లు, పెళ్ళిభోజనాల గ్లాసులు, నీళ్ళ సీసాలు, రొయ్యల మేత బస్తాలు బురదలో సగం కూరుకొని కనిపించాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మా పశ్చిమ డెల్టా బతుకంతా విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే కాలువ నీళ్ళ మీదే నడుస్తోంది. సార్వాకు ఆ నీళ్ళే, దాళ్వాకు ఆ నీళ్ళే, చేపల చెరువులకు ఆ నీళ్ళే. కాలువలు కట్టేసేలోగా మా ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకొనేదీ ఆ నీళ్ళతోనే. తూము నోట్లో ఇరుక్కున్న ఆ కవర్లను ఒరుసుకొని వచ్చిన నీటినే మేము వేసవి అంతా కాచి తాగుతున్నామన్నది అప్పటిదాకా నాకు తెలియని సంగతి కాదు, కాకపోతే కళ్ళతో చూడని సంగతి. ఆ సాయంత్రమే వంటింటి పక్కన రెండు గోనెసంచులు కట్టి, ఇంట్లో ప్లాస్టిక్ ముక్క ఏదీ చెత్తబుట్టలో వేయవద్దని పిల్లలకు చెప్పాను.

నెల తిరిగేసరికి సంచులు నిండాయి. వాటిని ఎవరికివ్వాలన్నది అసలు చిక్కు. మా వీధికి వచ్చే చెత్తబండిలో తడి చెత్తకూ పొడి చెత్తకూ వేరువేరు అరలు ఉన్నాయి గాని, మేం వేరుచేసి ఇచ్చినవి వీధి చివరకు చేరేలోగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. కూర తొక్కల తడి అంటిన కవరు ఇక ఎవరికీ పనికిరాదు. పాత సామాన్లకు ఉల్లిపాయలిచ్చే బండి అబ్బాయి పగిలిన బకెట్లు, విరిగిన కుర్చీలు, నూనె డబ్బాలు సంతోషంగా తీసుకొని, కవర్ల జోలికి మాత్రం రాడు. అతని తప్పు ఏమీ లేదు, కిలో కవర్లు పోగుచేయాలంటే బండి నిండిపోతుంది. మిగిలింది అందరూ చేసే పని: ఆకులతో పాటు ఊడ్చి వీధి మూల తగలబెట్టడం. ఆ వాసన పీల్చి దగ్గే పిల్లలు మర్నాడు నా తరగతిలోనే కూర్చుంటారు కాబట్టి ఆ పని నావల్ల కాలేదు. చివరికి రెండు సంచులూ స్కూటరుకు కట్టుకొని గట్టు మీద కొట్టుకు వెళ్ళాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు మర్యాదగానే సగం తిప్పి పంపేశారు. కొట్టు యజమాని సంచి బోర్లించి, షెడ్డులో కూర్చున్న ఒక పెద్దావిడను పిలిచారు. ఆవిడకు యాభై దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకొని, పీట మీద కూర్చొని, నా సంచిలోని సామానును చూడకుండానే చేతులతో మూడు కుప్పలుగా విసిరింది. విసురుతూనే ఒక చిప్స్ ప్యాకెట్టు ఎత్తి చూపించి, "ఇది మాకొద్దండి టీచరుగారూ. పైన ప్లాస్టిక్కు, లోపల సిల్వరు పూత. రెంటినీ విడదీయడం బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదండి" అంది. పాల ప్యాకెట్లు తీసుకుంటారు గాని కడగకుండా ఇస్తే తీసుకోరు. నావి కడగలేదు, నెలరోజులు గోనెసంచిలో ఉన్న పాలచుక్క ఎంత కంపు కొడుతుందో అక్కడే తెలిసింది. ఇంకొక మాట కూడా చెప్పింది: పాల ప్యాకెట్టు మూల పూర్తిగా కత్తిరించి పారేయకూడదట, ఆ చిన్న ముక్క ఏరడానికి దొరకక నేరుగా కాలువలోకే పోతుందట, అందుకని మూలను సగం కోసి వేలాడేలా వదిలేస్తే ప్యాకెట్టుతో పాటే వస్తుందట. పాతికేళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నాకు ఈ మాట ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్యాకెట్టు మూల తెగి కింద పడలేదు.

ఈ కొట్టు ఎందుకు బాగుందో చెప్పమంటే నేను ముందుగా చూపించేది ఆ పీట మీద కూర్చున్న మనిషినే. ప్లాస్టిక్ అని మనం ఒక్క మాటతో తేల్చేసేది నిజానికి ఒకదానితో ఒకటి పొసగని ఏడెనిమిది పదార్థాలు. డబ్బా అడుగున మూడు బాణాల త్రికోణంలో కనిపించే 1 నుంచి 7 దాకా అంకెలు అవి ఏవో చెప్పడానికే 1988లో వచ్చాయి. 1 అంటే నీళ్ళ సీసాలకు వాడే పెట్, 2 అంటే షాంపూ సీసాల గట్టి హెచ్‌డీపీఈ, 3 పైపులకు, కరెంటు తీగల తొడుగులకు వాడే పీవీసీ, 4 పాల ప్యాకెట్ల మెత్తటి ఎల్‌డీపీఈ, 5 సీసా మూతలకు వాడే పీపీ, 6 థర్మోకోల్ చేసే పాలీస్టైరీన్, 7 అంటే ఇవేవీ కానివి. ఆ త్రికోణాన్ని చూసి రీసైకిల్ అవుతుందని చాలామంది అనుకుంటారు; అది పదార్థం గుర్తు మాత్రమే, హామీ కాదు. గట్టు మీద ఆవిడ ఆ అంకెలు చదవదు. కవరును చెవి దగ్గర నలిపి, గలగలమంటే ఒక బస్తాలో, మెత్తగా ముడుచుకుపోతే ఇంకొక బస్తాలో వేస్తుంది. సీసాను తలకిందులు చేసి అడుగున చుక్క ఉందా, గీత ఉందా అని బొటనవేలితో తడిమి చూస్తుంది. పెట్ సీసాను అచ్చు పోసేటప్పుడు అడుగు మధ్యలో చుక్కలాంటి మచ్చ మిగులుతుంది. పీవీసీ సీసాకు అక్కడ అతుకు గీత ఉంటుంది.

ఆ చుక్కకూ గీతకూ ఉన్న తేడా చిన్నది కాదు. ఒకరోజు నా కోరిక మీద బకెట్ నీళ్ళు తెచ్చి, ఆవిడ సీసా ముక్క ఒకటి, మూత ఒకటి అందులో వేసింది. మూత తేలింది, సీసా ముక్క మునిగింది. మూతలు చేసే హెచ్‌డీపీఈ, పీపీల సాంద్రత నీటికంటే తక్కువ, పెట్‌ది నీటికి 1.38 రెట్లు. పెద్ద కర్మాగారాల్లో సీసాలను పెచ్చులుగా కొట్టి, మూతల ముక్కలను వేరుచేసేది కూడా ఇదే సూత్రం మీద, తొట్లలో నీళ్ళు పెట్టే. కాని పీవీసీ కూడా పెట్ లాగానే మునుగుతుంది. నీరు ఆ రెంటినీ విడదీయలేదు. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి; అంత వేడికి పీవీసీ ఆగలేక నల్లబడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది, దాంతో పక్కనున్న మంచి పెట్ కూడా చెడుతుంది. వేల సీసాల మధ్య పీవీసీ కొద్దిగా కలిసినా సరుకు పాడైపోతుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో ఈ ఏరివేతకు కాంతితో పనిచేసే యంత్రాలు పెడతారు. మా గట్టు మీద ఆ పని చేసేది ఒక మనిషి బొటనవేలు. మర్నాడు ఆ బకెట్ పాఠాన్నే తొమ్మిదో తరగతిలో చేయించాను. సాంద్రత అనే మాటను ఆ పిల్లలు ఇక మరిచిపోరు.

ఇక తూకం, డబ్బు సంగతి. కాటా ఎలక్ట్రానిక్‌ది, అంకెలు మనవైపే తిప్పి పెడతారు. ఇంటి దగ్గర తూచుకొని వెళ్ళిన మూడుసార్లూ ఏ తేడా రాలేదు. ఈ వ్యాపారంలో కాటా మీద అనుమానం సహజం కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. గట్టి డబ్బాలకు, బకెట్లకు ఒక రేటు, నీళ్ళ సీసాలకు దానికంటే తక్కువ, కవర్లకు అన్నిటికంటే తక్కువ. రేట్లు నెలనెలా మారతాయి. ముడిచమురు ధర పడిపోతే కొత్త ప్లాస్టిక్ చౌకవుతుంది, కొత్తది చౌకైతే పాతదాన్ని అడిగేవాళ్ళు తగ్గుతారు. ఎక్కడో సముద్రాల అవతల తోడే చమురు ధర మా గట్టు మీద పాల ప్యాకెట్టు ధరను నిర్ణయించడం నాకు మొదట వింతగా అనిపించింది. మా ఇంట్లో నలుగురం. నెలకు మూడు కిలోలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఏడాది మొత్తానికి నాకు ముట్టింది 700 రూపాయలు కూడా లేదు. లీటరు నీళ్ళ సీసా బరువు 20 గ్రాముల చుట్టుపక్కలే కాబట్టి కిలో కావాలంటే నలభై, యాభై సీసాలు పోగుచేయాలి. అందువల్ల డబ్బు కోసం అయితే ఈ శ్రమ పెట్టుకోవద్దనే చెబుతాను. ఇంటి ప్లాస్టిక్ ఎక్కడికి వెళుతోందో తెలియడం కోసం అయితే తప్పక పెట్టుకోండి.

కొట్టువాళ్ళు తీసుకోనివి ఏమిటో ముందే తెలుసుకొని వెళితే రెండువైపులా శ్రమ తగ్గుతుంది. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, గుట్కా రేపర్లు, లోపల వెండిలా మెరిసే బిస్కెట్ కాగితాలు తీసుకోరు. రకరకాల పొరలను అతికించి చేసిన ఈ ప్యాకెట్లు గాలి, తేమ చొరబడకుండా సరుకును కాపాడతాయి గాని, ఆ అతుకే వాటికి మరో బతుకు లేకుండా చేస్తుంది. ఈ విషయంలో కొట్టును తప్పుపట్టడం అన్యాయం. విడదీయడానికి వీలులేని వస్తువును తయారుచేసినవాడి తప్పు ఏరేవాళ్ళ నెత్తిన పడుతోంది. టీ తాగే కాగితం గ్లాసులు కూడా వద్దంటారు, వాటి లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. చేపలు, రొయ్యలు ఐసులో పెట్టి పంపే థర్మోకోల్ పెట్టెలు మా ప్రాంతంలో కుప్పలుకుప్పలుగా దొరుకుతాయి. అది కూడా ఒక ప్లాస్టికే అయినా, వ్యానంత నింపినా బరువు తూగదు కాబట్టి తీసుకోరు. మేత బస్తాలు మాత్రం వీళ్ళ దాకా రానే రావు. కడిగి, కుట్టి, ధాన్యానికీ ఎరువుకీ పశువుల పాకకు పరదాగానూ చినిగేదాకా వాడే ఇళ్ళు మా దగ్గర ఇంకా ఉన్నాయి. కడియం నర్సరీల నుంచి మొక్కలతో పాటు వచ్చే నల్ల కవర్లను మట్టి దులిపి కడిగిస్తే తీసుకుంటారు, రేటు మాత్రం నామమాత్రం. పెళ్ళిళ్ళ ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచే దేశమంతటా నిషేధం. అయినా ముహూర్తాల నెలల్లో ఈ కొట్టు ముందు అవి సంచులతో దిగుతూనే ఉన్నాయి, యజమాని తిప్పి పంపుతూనే ఉన్నారు. తిప్పి పంపినవి ఎక్కడికి వెళతాయో నాకు వంతెన మీద నుంచి కనిపించింది.

సంచీల విషయంలో చట్టం చేసిన మేలు ఒకటి ఇక్కడ కళ్ళారా చూశాను. చేతిసంచి మందం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు ఉండాలన్నారు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ మందం ఎందుకో నాకు ఇక్కడే అర్థమైంది. మందంగా ఉన్న సంచిని ఇంటివాళ్ళు మళ్ళీ వాడతారు, పారేసినా ఏరేవాళ్ళకు బరువు తూగుతుంది. కూరల బండి మీద దొరికే పల్చటి కవరు ఈ రెంటికీ పనికిరాదు, గాలికి లేచి గుర్రపుడెక్కలో చిక్కుకోవడానికి తప్ప. ఆ పల్చటి కవర్లు మా సంతలో ఈనాటికీ దొరుకుతున్నాయి.

మన దగ్గర కొన్న సరుకు ఆ తరువాత ఏమవుతుందని యజమానిని నిలదీసి అడిగాను. ఆయన దాచలేదు. బస్తాలు నిండాక వ్యాను వస్తుంది. పెద్ద ఊళ్ళో మరో పెద్ద వ్యాపారి దగ్గర సరుకు ఇంకోసారి వేరవుతుంది. అక్కడి నుంచి కర్మాగారాలకు వెళుతుంది. సీసాలను పెచ్చులుగా కొట్టి, వేడి కాస్టిక్ నీళ్ళలో కడిగి, ఎక్కువ భాగం దారంగా వడుకుతారు. తలగడలో కుక్కే దూదిలాంటి పీచు, పాలిస్టర్ గుడ్డ అవుతాయి. డబ్బాలు కరిగి గుళికలై, బకెట్లుగా, పైపులుగా, తాళ్ళుగా తిరిగి వస్తాయి. ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ప్లాస్టిక్‌ను కరిగించిన ప్రతిసారీ దాని పొడవాటి అణువుల గొలుసులు కొంత తెగి, గట్టిదనం తగ్గుతుంది. సీసా గుడ్డ అయ్యాక ఆ గుడ్డ మళ్ళీ సీసా కావడం చాలా అరుదు. 2017లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, 2015 వరకు ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్ 830 కోట్ల టన్నులని, అందులో చెత్తగా మారిన 630 కోట్ల టన్నుల్లో రీసైకిల్ అయింది 9 శాతమేనని లెక్కకట్టింది. నా రెండు గోనెసంచుల బరువు ఈ అంకెల ముందు ఎంతో నాకు తెలుసు. ఏరివేత సరిగ్గా జరిగే చోటుకు చేరితేనే ఏ సంచి అయినా ఆ 9 శాతంలోకి వస్తుందని కూడా తెలుసు.

ఈ వ్యాపారం రాబోయే రోజుల్లో మారుతుందని యజమానికి నమ్మకం, నాకు కొంత ఆశ. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు ప్యాకింగు ప్లాస్టిక్ బాధ్యతను దాన్ని తయారుచేసి, వాడి, అమ్మే కంపెనీల మీద పెట్టాయి. గట్టి ప్యాకింగులో 2025-26లో 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలని, అది ఏటా పెరిగి 2028-29కి 60 శాతం కావాలని, కవర్లకు 10 నుంచి 20 శాతం, బహుళ పొరల ప్యాకెట్లకు 5 నుంచి 10 శాతం అని లక్ష్యాలు పెట్టారు. సీసాలో మళ్ళీ సీసా ప్లాస్టిక్కే వాడాలంటే శుభ్రమైన, కల్తీలేని సరుకు కావాలి. అలాంటి సరుకు ఏరగలిగేవాళ్ళకు గిరాకీ రావాలి. కంపెనీలు, రీసైకిల్ చేసే కర్మాగారాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదై, ఎంత రీసైకిల్ చేశామన్న ధ్రువపత్రాలను కొనుక్కుంటాయి, అమ్ముకుంటాయి. ఆ పత్రానికి వచ్చే విలువలో పీట మీద కూర్చున్న ఆవిడకు ఒక్క రూపాయి పెరిగిన జాడ ఈ ఏడాదిలో నాకు కనబడలేదు. రోజుకూలి నిరుడెంతో ఇప్పుడూ అంతే. నాకు ఈ మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే.

కొట్టులో నేరుగా తప్పుపట్టవలసినవీ ఉన్నాయి. మొదటిది పొగ. రాగి కోసం పాత కరెంటు తీగలను షెడ్డు వెనక తగలబెట్టేవాళ్ళు. తీగ మీది తొడుగు పీవీసీ; అది కాలితే ఆమ్లపు పొగతో పాటు డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. నేను గట్టిగా అడిగాక ఇప్పుడు ఎక్కువభాగం తీగలను కత్తితో చీరి తొడుగు ఒలుస్తున్నారు గాని, సన్నతీగలు వచ్చిన రోజున పొగ ఇంకా లేస్తోంది. మార్చి నెలలో కూడా చూశాను. అది పూర్తిగా ఆగాలి, ఇందులో రాజీ లేదు. రెండవది చేతులు. మందు సీసాల పెంకులు, వాడిపారేసిన సూదులు కవర్లలో కలిసి వస్తుంటే, ఆవిడా ఆవిడతో పనిచేసే మరో ఇద్దరూ వట్టి చేతులతో ఏరేవారు. నేను కొన్ని చేతి తొడుగులు తీసుకెళ్ళి ఇస్తే, తొడుక్కొని పావుగంటలో తీసి పక్కన పెట్టేసింది. "ఇవేసుకుంటే నాకేమీ తెలవదండి, కవరేదో సీసా ఏదో చెయ్యే చెప్పాలండి" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సన్నటి రబ్బరు తొడుగులు తెస్తే వేసుకుంటోంది, కాని అవి వారానికే చిరిగిపోతాయి, వాటిని కొనవలసింది యజమాని. సూదులు, బ్లేళ్ళు కవర్లలో చుట్టి పంపే మన ఇళ్ళవాళ్ళం ఆయనకంటే ముందు సిగ్గుపడాలి. వాటిని మూత గట్టిగా ఉన్న డబ్బాలో విడిగా పెట్టి, ఏమిటో చెప్పి ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.

మా పదో తరగతి పిల్లలు పత్రికల్లో చదివి, ప్లాస్టిక్‌ను తినే సూక్ష్మజీవి వచ్చిందట కదా, ఇంకా ఈ ఏరడం ఎందుకని అడుగుతారు. మంచి ప్రశ్నే. జపాన్‌లోని సకాయ్ నగరంలో దొరికిన ఆ సూక్ష్మజీవిని 2016లో లోకానికి చెప్పారు. అది అరిగించుకొనేది పెట్‌ను మాత్రమే, మన పాల ప్యాకెట్టును కాదు. ప్లాస్టిక్‌ను గాలి తగలకుండా వేడిచేసి నూనెగా మార్చే పద్ధతికి కూడా పీవీసీ కలిస్తే ఆమ్లం పుట్టి యంత్రాన్ని తినేస్తుంది. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతిలో, వేడి కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లి పూతగా కరిగించి, దానిమీద తారు కలిపి రోడ్లు వేస్తున్నారు. ఆ పనికి ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఎవరూ కొనని పల్చటి కవర్లకు అది మంచి దారి, కాని అక్కడ కూడా పీవీసీ కలపకూడదు. పిల్లలకు నేను చెప్పేది ఇదే: రేపు ఏ యంత్రం వచ్చినా, ఏ జీవి వచ్చినా, దాని ముందు పెట్టేది ఏరిన ప్లాస్టిక్కే అయి ఉండాలి. ప్లాస్టిక్ కాలుష్యం మీద దేశాల మధ్య ఒప్పందం కోసం 2022లో మొదలైన ప్రయత్నం 2025 ఆగస్టులో జెనీవా దాకా వెళ్ళి, ఏకాభిప్రాయం కుదరక ఆగింది. అది కుదిరేదాకా తూము నోట్లో కవరు ఆగదు కదా.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. ఉదయం పది లోపు వెళ్ళండి, వ్యాను వచ్చే రోజు మధ్యాహ్నం తరువాత ఎవరికీ తీరిక ఉండదు. సీసాల మూతలు విప్పి, నీళ్ళు ఒంపేసి, తొక్కి చదును చేసి తీసుకెళ్ళండి. నూనె ప్యాకెట్లను బియ్యం కడిగిన నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో ఒకసారి కడిగి దండెం మీద ఆరేస్తే జిడ్డు పోతుంది; మా పెరట్లో చీరల పక్కన వేలాడే పాల ప్యాకెట్లను చూసి మొదట్లో అడిగిన పక్కింటి వదినగారు ఇప్పుడు తమవి కూడా నా సంచిలోనే వేస్తున్నారు. తూకానికి, ఓపికకు, ఏరే నేర్పుకు ఈ కొట్టుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. పొగ ఆగి, పనివాళ్ళకు తొడుగులు, కూలిలో పెంపు వచ్చేదాకా మొత్తంగా ఐదుకు మూడున్నర దాటి ఇవ్వలేను.

గట్టు వైపు గుట్ట బరకం ఈదురుగాలికి లేచిపోయి కవర్లు తిరిగి కాలువలో పడుతున్నాయన్నది నా మరో ఫిర్యాదు. కాలువకు నీళ్ళు వదిలేలోగా ఏదైనా అడ్డు కట్టమని వేసవి అంతా అడిగాను. జూన్‌లో నీళ్ళు వచ్చిన వారానికి, రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టే పాత వల ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి, గట్టు పొడవునా వెదురు గుంజలకు కట్టించారు. మొన్న ఆదివారం వెళ్ళేసరికి దానికి ఆరేడు పాల ప్యాకెట్లు తగులుకొని గాలికి కొట్టుకుంటున్నాయి. ఆవిడ పీట మీద నుంచి లేచి వచ్చి, ఒక్కొక్కటీ తీసి, దులిపి, చెవి దగ్గర నలిపి, మెత్త కవర్ల బస్తాలో వేసింది.